దిల్ దుఖానా నుంచి మనోభావాల దాకా

తెలుగులో ఇవాళ మనోభావాలు అనే మాటకు రెండే పనులు మిగిలాయి. ఒకటి దెబ్బతినడం, రెండోది గాయపడడం. మనోభావాలు సంతోషించాయని ఎవరూ రాయరు. మనోభావాలు సిగ్గుపడ్డాయని ఏ పత్రికా అచ్చువేయదు. సినిమా వస్తే దెబ్బతింటాయి. నవల వస్తే దెబ్బతింటాయి. పాటలో ఒక పదం వినబడితే దెబ్బతింటాయి. వెంటనే స్టేషన్లో ఫిర్యాదు, వీధిలో ఊరేగింపు, టీవీలో చర్చ. కానీ ఇల్లు అద్దెకు అడిగినవాడి పేరు విని 'ఖాళీ లేదు' అన్నప్పుడు మాత్రం ఎవరి మనోభావాలూ దెబ్బతినవు. అక్కడ ఈ మాట పనిచేయదు. నొచ్చుకున్నవాడు నోరు మూసుకుని ఇంకో వీధికి పోతాడు.

ఒక బాధకు చట్టం ఉంది. ఇంకో బాధకు మౌనమే ఉంది. ఎందుకిలా జరిగింది? దీనికి జవాబు చట్టం పుస్తకంలోనే వెతికితే దొరకదు. మాట పుట్టుకలో వెతకాలి. మాటలకూ వంశవృక్షాలుంటాయి. మాటలూ వలస వస్తాయి, మాటలూ జాగీర్లు పోగొట్టుకుంటాయి.

నెల్లూరు జిల్లా పడమటి మెట్టలో ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతపు ముస్లిం ఇళ్ళలో మనసు నొప్పించడానికి ఒక మాట ఉంది. దిల్ దుఖానా. పిల్లవాడు పెద్దల మీద నోరు పారేసుకుంటే, కోడలు అత్తను ఒక మాట అంటే, అప్పులవాడు గడప ముందు నిలబడి నలుగురూ వినేలా అడిగితే, అది దిల్ దుఖానా. 'కిసీకా దిల్ నక్కో దుఖావ్' అని చెప్పని నానీ ఉండదు. ఆ 'నక్కో' దక్కనీ ఉర్దూ ముద్ర. ఢిల్లీ, లక్నోల వాళ్ళు ఆ పదం విని నవ్వుతారు. అదే నానీ గడప దాటి బజారుకొచ్చి కూరగాయలమ్మితో మాట్లాడేటప్పుడు 'నొచ్చుకోబాక అమ్మా' అంటుంది. ఈ 'బాక' మెట్ట తెలుగు ముద్ర. దీన్ని విని కోస్తా వాళ్ళు నవ్వుతారు. రెండు భాషల్లోనూ ప్రామాణికం కాని మనిషి ఆమె. అయినా రెండు భాషల్లోనూ ఆమె చెప్పేది ఒకటే. ఎదుటివాళ్ళ గుండెకు నొప్పి కలిగించకు.

దూదేకుల ఇళ్ళలో ఆ ఉర్దూ కూడా ఉండదు. వాళ్ళ ఇంటి మాటా తెలుగే, తిట్టూ తెలుగే, ఏడుపూ తెలుగే. అయినా 'మీకు తెలుగు బాగా వచ్చే' అని ఆశ్చర్యపోయే పెద్దమనుషులకు కొదవలేదు. ఆ ఆశ్చర్యం కూడా ఒక దిల్ దుఖానాయే. మెచ్చుకోలు వేషంలో వచ్చింది గనక ఎవరూ దాన్ని అలా పిలవరు.

ఈ మాటల వేళ్ళు చూద్దాం. పార్సీలో దిల్ అంటే గుండె. ఆజార్ అంటే బాధ, యాతన. రెండూ కలిసి దిలాజారీ అయింది, అంటే మనసును బాధపెట్టడం. ఉర్దూ పత్రికల భాషలో ఈ మాటే ఎక్కువగా కనిపిస్తుంది. ఆజార్‌కు ఇంకో అర్థం జబ్బు. మరాఠీలో ఇప్పటికీ జబ్బును ఆజార్ అనే అంటారు. బీహార్, బెంగాల్ పల్లెల్ని పీడించిన కాలా ఆజార్ జ్వరం పేరులో ఉన్నదీ ఆ ఆజారే, నల్ల జబ్బు అని.

ఇప్పుడు తెలుగు మాట చూడండి. నొచ్చుకోవడం, నొప్పించడం, నొప్పి, అన్నీ ఒక్క మూలం నుంచి వచ్చినవే. కన్నడంలో నోవు అంటే నొప్పి. తమిళంలో నోవు అంటే నొప్పి, నోయ్ అంటే జబ్బు. ఇరాన్ నుంచి గుర్రమెక్కి వచ్చిన మాటా, ఈ నేలలోనే మొలిచిన మాటా ఒకరికొకరు ఏమీ కారు. ఒకే అమ్మ పిల్లలు కారు. అయినా రెండూ మనసు బాధనీ ఒంటి జబ్బునీ ఒక్క మాటతోనే కట్టేశాయి. అందుకే ఆ నానీ నోట అవి పక్కపక్కనే ఇమిడిపోయాయి. కలిసి బతకడమంటే ఉపన్యాసాల్లో చెప్పే గంగా జమునా సంగమం కాదు. ఇద్దరి నొప్పికీ ఒకరి మాట ఇంకొకరికి అర్థం కావడం.

ఈ మాటల్లో ఇంకో గుణం ఉంది. నొచ్చుకోవడానికి ఎదురుగా మనిషి కావాలి. ఎవరో ఒకరు అన్నారు, ఎవరో ఒకరు నొచ్చుకున్నారు. ఇద్దరికీ పేర్లున్నాయి, ఇళ్ళున్నాయి. మర్నాడు ఒకరి గడపకు ఒకరు వెళ్ళే వీలుంది. సుమతీ శతకకారుడు కూడా ఇతరుల మనసు నొప్పించకుండా, తానూ నొచ్చుకోకుండా తప్పించుకు తిరిగేవాణ్ణి ధన్యుడన్నాడు. ఆ నీతిలో ఒక చిక్కుంది. తప్పించుకు తిరిగే వీలు ఎవరికుంటుంది? బలమున్న వాడికి, లేదా అసలు నోరు విప్పని వాడికి. తరతరాలుగా తప్పించుకు తిరగమని మైనారిటీకి చెప్పిన నీతి కూడా ఇదే. ధన్యులమయ్యామో లేదో గానీ, తిరగడం మాత్రం అలవాటైంది.

తెలుగులో నొప్పికి దగ్గరి మాట మరొకటుంది. నామోషీ. నలుగురిలో తల కొట్టేసినట్టు అనిపించడాన్ని నామోషీ అంటాం. ఇది అచ్చ తెలుగు మాట అనుకునేవాళ్ళు చాలామంది. దీని ప్రయాణం వింటే ఆశ్చర్యం వేస్తుంది. గ్రీకులో నోమోస్ అంటే ధర్మశాసనం, చట్టం. అది సిరియాక్ మీదుగా అరబ్బీకి వచ్చి నామూస్ అయింది. హిరా గుహలో ప్రవక్తకు మొదటి వహీ వచ్చినప్పుడు, వృద్ధుడైన వరఖా బిన్ నౌఫల్ ఆ సంగతి విని, మూసాకు వచ్చిన నామూసే ఇది అన్నాడని హదీసుల్లో ఉంది. అక్కడ నామూస్ ఆకాశం నుంచి దిగిన ధర్మం. తర్వాత పార్సీలో అది పరువు, ప్రతిష్ఠ అయింది. ఉర్దూలో పరువు నుంచి పరువు పోవడం దాకా జారింది. తెలుగులోకి వచ్చేసరికి సిగ్గు మాత్రమే మిగిలింది. చట్టంగా బయల్దేరిన మాట అవమానంగా మన ఊరు చేరింది.

ఫిర్యాదు దారి దీనికి ఎదురు. పార్సీలో ఫర్యాద్ అంటే ఆర్తనాదం, దిక్కులేనివాడు పెట్టే కేక. నవాబుల కచేరీల్లోంచి కుంఫిణీ కచేరీల్లోకి, అక్కణ్ణించి పోలీస్ స్టేషన్లోకి నడిచి ఆ కేక కాగితమైంది. ఏడుపు చట్టంలోకి ఎక్కింది, చట్టం ఏడుపులోకి దిగింది. ఈ రెండు మాటల్నీ గుర్తుపెట్టుకుంటే మనోభావాల కథ అర్థమవుతుంది.

ఉదయగిరి కొండ చరిత్ర కూడా ఇక్కడ పనికొస్తుంది. ఆ దుర్గం గజపతులది. శ్రీకృష్ణదేవరాయలు ఏడాదికి పైగా ముట్టడించి 1514లో దాన్ని పట్టుకున్నాడు. అక్కడి బాలకృష్ణ విగ్రహాన్ని విజయనగరానికి తీసుకుపోయి, దానికోసం హంపీలో కృష్ణాలయం కట్టించాడు. గెలిచినవాడు హిందూ రాజు, ఓడినవాడు హిందూ రాజు, తరలిపోయింది హిందూ దేవుడు. ఇవాళ్టి భాషలో అడిగితే అప్పుడు ఎవరి మనోభావాలు దెబ్బతిన్నాయి? ఆ కాలం దాన్ని రాజ్యాల లెక్కలో చూసింది, మతాల లెక్కలో కాదు. ఆ రాయలే యవనరాజ్య స్థాపనాచార్య అనే బిరుదు ధరించాడు. ఆయనకు ముందు విజయనగర రాజులు తమను తాము హిందూరాయ సురత్రాణులని చెప్పుకున్నారు. సురత్రాణ అంటే సుల్తానే. సుల్తాన్ అనే మాట అప్పటికి పరాయిది కాదు, పరువైనది.

17వ శతాబ్దంలో ఉదయగిరి గోల్కొండ కుతుబ్‌షాహీల చేతికొచ్చింది. పెద్ద మసీదు, చిన్న మసీదు వాళ్ళ కాలానివి. ఆ తర్వాత ఆర్కాటు నవాబులు ఉదయగిరిని ముస్తఫా అలీ ఖాన్‌కు జాగీరుగా ఇచ్చారు. ఆ వంశం 1839 దాకా ఏలింది. ఆ ఏడాది కుంఫిణీ ప్రభుత్వం ఒక కుట్రను కనిపెట్టానంది. కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాన్ ఆయుధాలు దాచాడని కోట స్వాధీనం చేసుకుని, అతన్ని తిరుచినాపల్లికి పంపింది. మరుసటేడు అక్కడే అతను హత్యకు గురయ్యాడు. హైదరాబాదులో నిజాం తమ్ముడు ముబారిజుద్దౌలాను ఖైదు చేశారు. అదే కుట్రలో ఉదయగిరి జాగీర్దారు అబ్బాస్ అలీ ఖాన్ పేరు కూడా చేర్చి చెంగల్పట్టుకు తరలించారు. జాగీరు కుంఫిణీలో కలిసిపోయింది.

ఈ వ్యవహారమంతటికీ అప్పుడు పెట్టిన పేరు వహాబీ కుట్ర. ఒక మతసంస్కరణ ధోరణి పేరు నేరం పేరుగా మారడం దక్షిణాన అప్పుడే మొదలైంది. జాగీర్దారు కోసం మనం కన్నీళ్ళు పెట్టనక్కర్లేదు. అతని జాగీరులో రైతు ఏం సుఖపడ్డాడు గనక? కానీ ఆ మాట జాగీర్దారుతో పోలేదు. కోటలూ జాగీర్లూ ఏనాడూ చూడని వాళ్ళ మీద అది మిగిలిపోయింది. ఇవాళ ఉదయగిరిలో ముస్లిం స్త్రీలు నర్ది, బిక్కి, కల్ది చెక్కలతో చెంచాలు, గరిటెలు చెక్కి పొట్టపోసుకుంటున్నారు. ఆ పనితనానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. నవాబుల సంతతి అని ఎత్తిపొడిచేటప్పుడు ఎవరూ ఈ చేతుల్ని చూడరు. మాసిపోని ఈ అనుమానపు ముద్రనే 1991లో ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' అన్నాడు. తెలుగు కవిత్వంలో ముస్లిం గొంతు విడిగా వినబడడం ఆ పేరుతోనే మొదలైంది.

మాట ఎలా గాయంగా మారుతుందో తెలియాలంటే సాయిబు అనే మాట చాలు. అరబ్బీలో సాహిబ్ అంటే తోడుండేవాడు. ప్రవక్త సహచరులను సహాబా అనడం కూడా ఆ మూలం నుంచే. పార్సీ, ఉర్దూల్లో అది యజమాని, పెద్దమనిషి అయింది. తెల్లదొర దాన్ని తన పేరు వెనుక తగిలించుకున్నాడు. దొర పక్కన అది సాహెబ్. గాజులమ్మేవాడి పక్కన సాయిబు. కోపమొస్తే సాయిబుగాడు. ఒక్క మాటే, మనిషి హోదాను బట్టి మూడు తూకాలు. తురక మాటా అంతే. తురుష్క అని శాసనాల్లో ఒక జాతి పేరుగా ఉన్నది, తుర్కీ దేశంతో ఏ సంబంధమూ లేని దూదేకుల వాడికి కూడా అతుక్కుంది. పల్లెలో ఒక ముసలాయన పీర్ల పండగనాడు 'తురకల సామి' అంటే అందులో భక్తే ఉంటుంది. ఆయనే చక్కెర చదివింపులు చేయిస్తాడు, అగ్నిగుండం చుట్టూ తిరుగుతాడు. వేదిక మీద మైకు పట్టుకుని అదే మాట అన్నవాడి గొంతులో అది రాయి. మాటను విడిగా పట్టుకుని గాయం ఎంత లోతో కొలవలేం. ఎవరు, ఎవరిని, ఏ బలంతో అన్నారనేది చూడాలి.

ఖురాన్‌లో హుజురాత్ సూరా 11వ ఆయత్ ఈ సంగతే చెబుతుంది. ఒక జనం ఇంకో జనాన్ని ఎగతాళి చేయవద్దని, ఒకరినొకరు ఎద్దేవా పేర్లతో పిలవవద్దని. ఇది ముస్లింలు ఇతరులకు చూపించడానికి మాత్రమే కాదు. దూదేకుల వాణ్ణి తక్కువ చూపు చూసే షేక్, సయ్యద్, పఠాన్ ఇళ్ళలో ముందు చదువుకోవాల్సిన ఆయత్.

ఇక చట్టం సంగతి. 1837లో మెకాలే నాయకత్వాన శిక్షాస్మృతి ముసాయిదా తయారైంది. 1860లో అది చట్టమై, 1862 నుంచి అమల్లోకి వచ్చింది. అందులో మతానికి సంబంధించిన నేరాలకు ఒక అధ్యాయం. 298వ సెక్షన్ ప్రకారం, ఒక వ్యక్తి మతపరమైన భావాలను గాయపరచాలని కావాలని ఏ మాటన్నా నేరం. ఇంగ్లీషులో వాడిన మాట గాయపరచడం. నొప్పి నొచ్చుకున్నవాడిలో ఉంటుంది. గాయానికి మాత్రం కొట్టినవాడు కావాలి. నొప్పి నుంచి గాయానికి మారడంతోనే సంగతి ఇద్దరి మధ్య నుంచి పోలీసు చేతికి పోయింది. ఈ దేశ ప్రజలు మత విషయాల్లో ఇట్టే రెచ్చిపోతారని, మధ్యలో తాను పెద్దమనిషిగా ఉండాలని తెల్లదొర అనుకున్నాడు. అయినా ఆ సెక్షన్‌లో ఇంకా 'వ్యక్తి' ఉన్నాడు.

ఆ వ్యక్తి 1927లో మాయమయ్యాడు. లాహోరులో రాజ్‌పాల్ అనే ప్రచురణకర్త ప్రవక్తను కించపరిచే 'రంగీలా రసూల్' అనే పుస్తకం వేశాడు. కేసు ఏళ్ళ తరబడి నడిచి, ఉన్న సెక్షన్ల కింద ఇది నేరం కాదని 1927లో లాహోర్ హైకోర్టు అతన్ని విడుదల చేసింది. ముస్లింలు మండిపడ్డారు. ప్రభుత్వం అదే ఏడాది 295ఎ సెక్షన్ తెచ్చింది. ఇక్కడ వ్యక్తి లేడు, 'వర్గం' ఉంది. ఒక వర్గపు మతపరమైన భావాలను రెచ్చగొట్టాలని బుద్ధిపూర్వకంగా, దురుద్దేశంతో అవమానిస్తే నేరం. మొదట రెండేళ్ళ శిక్ష, 1961లో మూడేళ్ళయింది. చట్టం వచ్చినా రక్తం ఆగలేదు. 1929లో రాజ్‌పాల్‌ను ఇల్ముద్దీన్ అనే యువకుడు పొడిచి చంపాడు. ఆ ఏడాదే అతనికి ఉరి పడింది. ఒక పుస్తకం, రెండు ప్రాణాలు, ఒక సెక్షన్.

ఈ సెక్షన్ మన నొప్పి పేరు మీద పుట్టిందనే నిజాన్ని ముస్లింలు దాచుకోకూడదు. సెక్యులరిస్టులూ మర్చిపోకూడదు. ఆ నొప్పి అబద్ధం కాదు. కానీ నొప్పిని వర్గానికి రాసిచ్చిన మరుక్షణం ఆ వర్గం తరఫున నొచ్చుకునే హక్కు ఎవరికి దక్కుతుందనే ప్రశ్న వచ్చింది. వర్గానికి గుండె ఉండదు. దాని తరఫున మాట్లాడే నాయకుడుంటాడు. 1957లో రామ్‌జీ లాల్ మోదీ కేసులో సుప్రీంకోర్టు ఈ సెక్షన్ చెల్లుతుందని చెబుతూనే, తెలియక చేసిందీ, అజాగ్రత్తగా అన్నదీ దీని కిందికి రావని తేల్చింది. దురుద్దేశం ఉండితీరాలి. ఫిర్యాదులు రాసేవాళ్ళు ఈ ముక్క చదవరు. 2024 జులై 1 నుంచి భారతీయ శిక్షాస్మృతి పోయి భారతీయ న్యాయసంహిత వచ్చింది. 295ఎ అందులో 299 అయింది, 298 పోయి 302 అయింది. అంకెలు మారాయి. తెల్లదొర అనుమానం మాత్రం అలాగే ఉంది.

'దిల్'కూ 'మనోభావాల'కూ తేడా ఇక్కడే. దిల్ ఏకవచనం, మనోభావాలు ఎప్పుడూ బహువచనం. సంస్కృతంలో మనోభవుడంటే మన్మథుడు, మనసులో పుట్టినవాడు. అతనికి దీర్ఘం పెట్టి, బహువచనం చేసి, పోలీస్ స్టేషన్లో కూర్చోబెట్టాం. దిల్ దుఖితే మనిషి ఇంటికెళ్ళి 'బురా నక్కో మానో' అని చెప్పి రావచ్చు. మనోభావాలు దెబ్బతింటే ఎవరింటికి వెళ్ళాలి? వాటికి గడప లేదు.

2007 ఆగస్టు 9న హైదరాబాద్ ప్రెస్‌క్లబ్‌లో, తన పుస్తకం తెలుగు అనువాదం విడుదలకు వచ్చిన తస్లీమా నస్రీన్ మీద మజ్లిస్ శాసనసభ్యులు దాడి చేశారు. ముస్లింల మనోభావాల పేరుతోనే చేశారు. అదే ఏడాది మే 18న మక్కా మసీదులో బాంబు పేలి, నమాజుకు వచ్చినవాళ్ళు చచ్చిపోయారు. ఆ తర్వాత పోలీసులు ముస్లిం యువకులనే పట్టుకుపోయారు, హింసించారు. వాళ్ళు నిర్దోషులని తేలాక ప్రభుత్వమే పరిహారం ప్రకటించాల్సి వచ్చింది. మూడు నెలల తేడాలో రెండు ఘటనలు. ఒక రచయిత్రి మాట వల్ల కలిగిన నొప్పికి సెక్షన్ ఉంది, పూలకుండీలు విసరడానికి నాయకులున్నారు. నిర్దోషిని దోషి అని పిలిచిన నొప్పికి ఏ సెక్షనూ లేదు. 1839లో వహాబీ, ఇప్పుడు ఇంకో పేరు.

ఈ జబ్బు ముస్లింలది మాత్రమే కాదు. 2017లో కంచ ఐలయ్య 'సామాజిక స్మగ్లర్లు కోమటోళ్ళు' పుస్తకం మీద ఒక కులం మనోభావాలు దెబ్బతిన్నాయని రాష్ట్రమంతా ఊరేగింపులు జరిగాయి. నిషేధించాలని వేసిన పిటిషన్‌ను సుప్రీంకోర్టు కొట్టేసింది. వేల ఏళ్ళు కులం పేరుతో తిట్లు తిన్నవాళ్ళ మనోభావాల గురించి అప్పుడు ఎవరు మాట్లాడారు? మనోభావాలు ఉండాలంటే ముందు బలముండాలి. సంఖ్యాబలమో, ధనబలమో, కనీసం గొంతు బలమో ఉండాలి. అవి లేనివాళ్ళకు ఉండేది నొప్పి ఒక్కటే.

అందుకని మనకు రెండు పనులున్నాయి. నొప్పిని వర్గం చేతుల్లోంచి, వర్గం పేరు చెప్పుకునే నాయకుల చేతుల్లోంచి మళ్ళీ మనిషి చేతుల్లోకి తెచ్చుకోవడం ఒకటి. నన్ను నొప్పించింది ఏమిటో నేను చెబుతాను. ఒక పుస్తకం కంటే పాఠశాలలో నా పిల్ల పేరు విని నవ్విన నవ్వు నన్ను ఎక్కువ నొప్పించిందని నేను చెబితే, కాదనే హక్కు ఏ ముల్లాకీ ఏ ఎమ్మెల్యేకీ లేదు. రెండోది, ఆ నొప్పిని వినే చెవి తెలుగు సమాజానికి కావాలి. సంఖ్య చూసి కాదు, మంట చూసి వినాలి. ఆత్మకూరు పక్కన అనుమసముద్రంపేట దర్గాకు హిందువులూ ముస్లింలూ జబ్బులు చెప్పుకోవడానికే పోతారు. అక్కడ ఎవరి నొప్పి ఏ వర్గానిదని అడగరు. సెక్షన్ల అవసరం లేకుండా ఒకరి నొప్పి ఇంకొకరికి తెలిసే చోట్లు మెట్టలో ఇంకా ఉన్నాయి. అవి మూతపడకముందే మన సాహిత్యం అక్కడికి చేరాలి. దిల్ దుఖానా అనే మాటకు తెలుగు నిఘంటువులో చోటు దొరకడం కంటే, ఆ మాట అన్న మనిషికి పక్కింట్లో చోటు దొరకడం ముఖ్యం.